తాజ్ మహల్ బొటనవేలు వినండి

సంపాదకులకు,

నమస్కారం. 2025 ఫిబ్రవరిలో గ్రామీ పురస్కారాలు ప్రకటించినప్పుడు మద్రాసులో పెరిగిన చంద్రికా టాండన్ పేరు చెన్నై పత్రికల్లో బాగా వచ్చింది. రావలసిందే. అదే ఏడు సంప్రదాయ బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాట) విభాగంలో బహుమతి తీసుకున్న ఆల్బమ్ గురించి మాత్రం తెలుగులో ఒక్క ముక్క కూడా మా కంటపడలేదు. ఆ ఆల్బమ్‌లో పాడి, వాయించినాయన పేరు తాజ్ మహల్. అదే సంవత్సరం ఆయనకు జీవిత సాఫల్య గ్రామీ కూడా ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు 82. మెట్లు లేని, కడ్డీ జార్చి వాయించే మన గోటువాద్యం పక్కన కూర్చుని బ్లూస్ పాడిన మనిషి ఆయన. డిసెంబరులో సభలన్నీ తిరిగి కచేరీలు వినే చెన్నై తెలుగువాళ్లకు ఆయన సంగీతం అందాలన్న కోరికతో ఈ ఉత్తరం రాస్తున్నాం. కొంచెం పొడుగైంది. దయచేసి కత్తిరించకుండా వేయండి.

తాజ్ మహల్ అన్నది ఆయన తనకు తాను పెట్టుకున్న పేరు. అసలు పేరు హెన్రీ సెయింట్ క్లెయిర్ ఫ్రెడరిక్స్. 1942 మే 17న న్యూయార్కులోని హార్లెమ్‌లో పుట్టి, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పెరిగారు. తండ్రిది కరీబియన్ దీవుల నుంచి వచ్చిన కుటుంబం, ఆయన జాజ్ పియానో వాయించేవారు. తల్లిది దక్షిణ కరొలైనా, బడిలో టీచరు, చర్చిలో పాడేవారు. యూనివర్సిటీలో తాజ్ మహల్ చదివింది పశుపోషణ. కొన్నాళ్లు డెయిరీలో పని కూడా చేశారు. గాంధీని గురించి, మన దేశాన్ని గురించి వచ్చిన కలల్లోంచి ఆ పేరు పుట్టిందని ఆయనే చెబుతారు.

బ్లూస్ అనగానే ఏడుపు పాటలనీ, మూడు కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుత్తుల) సంగీతమనీ అనేస్తుంటారు. తాజ్ మహల్ పాటల్లో గాలం పట్టుకుని చేపలకు పోయేవాడి హుషారు ఉంది, చిందు ఉంది, కొంటెతనం ఉంది, ముసలితనం ఉంది. కార్డులు మూడే, నిజమే. మోహనంలో స్వరాలు ఐదే కదా! ఆ ఐదింటితో ఏం చేశారన్నదే మనం వినేది. ఇక్కడా అంతే. మా మాట ఒక్కటే: ఆయన గొప్పతనమంతా కుడిచేతి బొటనవేలిలో ఉంది. గొంతు గొప్పదే, ఎడమచేయీ గొప్పదే. కానీ బొటనవేలు చెవికి పట్టుబడితే మిగిలినవన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ముందు మన చెవికి తగిలే చిక్కు గురించి చెప్పాలి. మన కచేరీలో తంబురా షడ్జమం మొదటి వర్ణం నుంచి మంగళం దాకా కదలదు. పన్నెండు బార్ల (తాళం ముక్కల) బ్లూస్‌లో గొంతు ఆ షడ్జమాన్నే నమ్ముకుని ఉంటుంది గాని, కింద గిటార్ ఆధార స్వరం చోటు మారుతుంది. మొదటి 4 బార్లు స మీద, తర్వాత 2 మ మీద, మళ్లీ 2 స మీద, తొమ్మిదోది ప మీద, పదోది మ మీద, చివరి 2 స మీద. ఒక్కో బార్‌కు 4 దెబ్బలు. ఆదితాళం వేస్తూ వింటే లెక్క చాలా తేలిక. రెండు బార్లు కలిస్తే ఒక ఆవర్తం, ఆరు ఆవర్తాలకు ఒక చుట్టు. మూడో ఆవర్తం ఎత్తుకోగానే ఆధారం మ మీదికి ఎక్కుతుంది, నాలుగో ఆవర్తానికి దిగుతుంది. ఐదో ఆవర్తం సగం ప, సగం మ. ఆరోదానికి ఇంటికి చేరుతుంది. సాహిత్యమూ ఈ లెక్కలోనే ఉంటుంది. మొదటి ఆవర్తంలో ఒక పాదం పాడతారు, రెండోదానిలో గిటార్ బదులు చెబుతుంది. మూడోదానిలో అదే పాదం మళ్లీ, నాలుగోదానిలో మళ్లీ బదులు. ఐదోదానిలో ప్రాస కలిసే కొత్త పాదం, ఆరోదానిలో మళ్లీ గిటార్. నాలుగైదు చుట్లు ఇలా తాళం వేస్తూ వింటే ఆ తర్వాత చేయి అక్కర్లేదు.

ఒకటి గుర్తుంచుకోవాలి. పాత పల్లెటూరి బ్లూస్ గాయకులు ఒంటరిగా పాడేటప్పుడు ఈ లెక్కకు కట్టుబడి ఉండరు. ఊపిరి కావాలంటే రెండు దెబ్బలు ఎక్కువ తీసుకుంటారు, తొందరగా పాదం ఎత్తుకోవాలంటే ఒకటి మింగేస్తారు. జాన్ లీ హుకర్, లైట్నిన్ హాప్కిన్స్ రికార్డుల్లో ఇది బాగా తెలుస్తుంది. తాళం తప్పారని అనుకోకూడదు. అక్కడ తాళానికి యజమాని గొంతు. తాజ్ మహల్ బ్యాండుతో పాడినప్పుడు లెక్క కచ్చితంగా ఉంటుంది, ఒంటరిగా పాడినప్పుడు ఆ పాత స్వేచ్ఛ కొంత వస్తుంది.

ఇక స్వరాలు. బ్లూస్ గొంతు ఎక్కువగా తిరిగేది స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం చుట్టూ. మన లెక్కలో అది శుద్ధ ధన్యాసి. కింద స కార్డులో మాత్రం అంతర గాంధారం మోగుతూ ఉంటుంది. పైన సాధారణం, కింద అంతరం, ఆ రాపిడే ఇందులో రుచి. గొంతు తరచు ఆ రెంటికీ నడుమ ఎక్కడో నిలబడుతుంది. ఆధారం మ మీదికి ఎక్కినప్పుడు ఆ మ కార్డులో సాధారణ గాంధారం కలిసే ఉంటుంది కాబట్టి, అంతవరకూ గుచ్చుకున్న స్వరమే అక్కడ హాయిగా కుదురుకుంటుంది. అదే పాదాన్ని, అదే స్వరాలతో రెండోసారి పాడినా వేరే పాటలా వినిపించడానికి కారణం ఇదే. హార్మోనియం మీద వాయించి చూస్తే ఇది దొరకదు. గోటువాద్యమో, వయొలినో, గొంతో కావాలి.

కాలప్రమాణం సంగతి మన మృదంగం వాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు. ప్రతి దెబ్బలోనూ తకిట ఉంటుంది, నడిమి అక్షరం మోగదు. త—ట, త—ట అని నడుస్తుంది. దీన్నే వాళ్లు షఫుల్ అంటారు. రెండో అక్షరాన్ని ఎంత ఆలస్యంగా వేస్తారన్నది మనిషిని బట్టి మారుతుంది. తాజ్ మహల్‌ది తొందర లేని నడక. బొటనవేలు దెబ్బ మీద కచ్చితంగా పడుతుంది, మాట మాత్రం దానికి ఒక వెంట్రుకవాసి వెనక పడుతుంది. అందుకే పాట సాగుతున్నట్టూ ఉంటుంది, ఎక్కడా జారిపోదు.

ఆ బొటనవేలు చేసే పని ఇది. గిటార్ మంద్రపు తీగల మీద అది ఆగకుండా నడుస్తుంది. ఒక్కోసారి ఒకే తీగను నాలుగు దెబ్బలకూ కొడుతుంది, మిసిసిపీ డెల్టా పద్ధతి అది. ఒక్కోసారి రెండు తీగల మధ్య అటూ ఇటూ మారుతుంది, అమెరికా తూర్పు తీరంలోని పీడ్‌మాంట్ పద్ధతి అది. పై తీగల మీద పాటను మిగతా వేళ్లు వాయిస్తాయి. గిటార్ వాళ్లలో ఎక్కువమంది బొటనవేలికి జతగా చూపుడువేలు వాడతారు. తాజ్ మహల్ నడిమివేలు వాడతారు. నడిమివేలికి బరువెక్కువ, పైగా బొటనవేలికి కొంచెం ఎడంగా ఉంటుంది. అందువల్ల పై స్వరం గట్టిగా, గుండ్రంగా పలుకుతుంది, కింది నడకతో పెనవేసుకుపోదు. 1969లో వచ్చిన జంట ఆల్బమ్ ‘జయంట్ స్టెప్ / డి ఓల్ ఫోక్స్ ఎట్ హోమ్’లో రెండో డిస్కులోని ‘ఫిషిన్ బ్లూస్’ దీనికి మంచి ఉదాహరణ. ఆ పాటను 1928లోనే హెన్రీ థామస్ రెల్లుగొట్టాల పిల్లనగ్రోవి ఊదుతూ రికార్డు చేశారు. తాజ్ మహల్ ఆ ఊదుడును వేళ్లలోకి తెచ్చారు.

ఇది నేర్చుకునే పిల్లలు చెన్నైలో ఉన్నారు కాబట్టి ఎక్కడ బెడిసికొడుతుందో కూడా చెబుతాం. వేళ్లు పాట ఎత్తుకోగానే బొటనవేలు వాటి వెంట పరుగెడుతుంది. లేదా గొంతు మొదలుకాగానే ఆగిపోతుంది. రెండింటికీ కారణం ఒకటే, బొటనవేలికి విడిగా సాధకం చేయించకపోవడం. ముందు నిమిషానికి 60 దెబ్బల దగ్గర బొటనవేలు ఒక్కటే నడవాలి. అది నడుస్తుండగా మాట్లాడగలగాలి, తర్వాత పాడగలగాలి, ఆ తర్వాతే ఒక్క వేలు, దెబ్బ మీద ఒక్క స్వరం. దెబ్బకు దెబ్బకు మధ్య స్వరాలు చివరికి. అరచేతి మడమను బ్రిడ్జి మీద ఆనించి మంద్రపు తీగలను కొద్దిగా అణచాలి. అరచేయి ముందుకు జరిగితే శ్రుతి చచ్చి చప్పుడే మిగులుతుంది, వెనక్కి జరిగితే తీగలు మోగిపోయి గొంతును ముంచుతాయి. సరైన చోటు బ్రిడ్జిలో తీగ ఆనే ఎముకబద్ద మీదే, వెంట్రుకవాసి ముందుకు.

స్లయిడ్ (తీగ మీద గొట్టం జార్చి వాయించడం) విషయంలో మనకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు, గోటువాద్యం మన ఇంటిది. అయినా రెంటికీ తేడా ఉంది. గోటువాద్యానికి మెట్లు లేవు, వాద్యం నేలమీద ఉంటుంది, కడ్డీ పైనుంచి ఆనుతుంది. బ్లూస్ గిటార్ ఒళ్లో నిలువుగా ఉంటుంది, చిటికెన వేలికో ఉంగరపు వేలికో గాజు గొట్టమో ఇత్తడి గొట్టమో తొడుగుతారు. మామూలుగా గిటార్ తీగలు కింది నుంచి పైకి ఈ ఏ డీ జీ బీ ఈ (E A D G B E) అని ఉంటాయి, అన్నిటికన్నా లావుది ఆరో తీగ. ఏ మెట్టూ నొక్కకుండానే జీ కార్డు మోగే ఓపెన్ జీ కోసం ఆరో తీగనూ ఒకటో తీగనూ డీకి, ఐదో తీగను జీకి దించుతారు. అప్పుడు జీని షడ్జమంగా తీసుకుంటే తీగలు ప స ప స గ ప అని పలుకుతాయి. ఓపెన్ డీ కోసం ఆరో తీగనూ ఒకటో తీగనూ డీకి, మూడోదాన్ని ఎఫ్ షార్ప్‌కు, రెండోదాన్ని ఏ (A)కి దించాలి. డీ షడ్జమమైతే స ప స గ ప స. రెండింటిలోనూ తీగలు దిగడమే తప్ప ఎక్కవు కాబట్టి తెగవు. ఓపెన్ ఈ కట్టబోయి మూడు తీగలు పైకి బిగించినవాళ్లకే తీగలు తెగడం, కాలక్రమంలో బ్రిడ్జి లేవడం చూస్తాం.

గొట్టాన్ని మెట్టు వెనక కాదు, సరిగ్గా మెట్టు తీగ మీద నిలబెట్టాలి. మామూలు వేలు పట్టుకు అలవాటుపడినవాళ్లు వెనకే పెడతారు, స్వరం ఎప్పుడూ కొంచెం తక్కువ పలుకుతుంది. నొక్కకూడదు, ఆనించాలి. నొక్కితే తీగ మెట్టుకు తగిలి గరగర వస్తుంది. గొట్టానికి వెనక ఉన్న వేళ్లను తీగల మీద తేలిగ్గా పరచి ఉంచాలి, లేకపోతే వెనకవైపు తీగముక్క కూడా మోగి ఇంకో అపస్వరం పుడుతుంది. సన్నటి తీగలకు బరువైన ఇత్తడి గొట్టం పనికిరాదు. 13 నుంచి 56 గేజి తీగలు, మెడ చివర తీగలు ఆనే నట్టు కొంచెం ఎత్తు పెంచి ఉంటే హాయి.

ఇప్పుడు మా ఉత్తరానికి అసలు కారణమైన రికార్డు. 1995లో వాటర్ లిలీ అకౌస్టిక్స్ సంస్థ ‘ముంతాజ్ మహల్’ అనే ఆల్బమ్ తెచ్చింది. తాజ్ మహల్ గిటార్, గొంతు. పక్కన విశ్వమోహన్ భట్ మోహన్ వీణ (గిటార్‌ను మార్చి చేసిన జారుడు వాద్యం), ఎన్. రవికిరణ్ చిత్రవీణ, అంటే మన గోటువాద్యమే. ఒక్క చోట మూడు జారుడు సంప్రదాయాలు. ఆ సంస్థ అధిపతి కవిచంద్రన్ అలెగ్జాండర్ పద్ధతి ఏమిటంటే, అందరినీ ఒకే ఆవరణలో కూర్చోబెట్టి ఒక జత మైకులతో, వాక్యూమ్ ట్యూబుల పరికరాలతో టేపు మీదికి ఎక్కించడం. ఒక్కొక్కరి ధ్వనిని తర్వాత విడిగా పెంచడం, తగ్గించడం కుదరదు. ఎవరు ఎంత వినిపించాలో ఎవరు ఎంత దూరంలో కూర్చున్నారన్నదే నిర్ణయిస్తుంది. భట్, అమెరికా గిటార్ కళాకారుడు రై కూడర్ కలిసి చేసిన ‘ఎ మీటింగ్ బై ద రివర్’ 1993లో ఈ సంస్థే తెచ్చింది, దానికి గ్రామీ వచ్చింది. పేరు దానికే ఎక్కువ. మాకు మాత్రం ముంతాజ్ మహలే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అందులో పాట ఉంది, పాడే మనిషి ఉన్నాడు.

ఈ కలయికలో నిజమైన సాంకేతిక సమస్య ఒకటుంది, వినేటప్పుడు దాన్ని గమనిస్తే ఆనందం పెరుగుతుంది. మోహన్ వీణకూ చిత్రవీణకూ కింద సహానుభూతి తీగలు ఉంటాయి. వాటిని రాగాన్ని బట్టి శ్రుతి చేస్తారు, ఎవరూ మీటకుండానే మోగుతూ ఉంటాయి. బ్లూస్ ఆధారం మ మీదికి ఎక్కినప్పుడు ఈ తీగలు కదలవు, అక్కడే స ప అంటూ ఉంటాయి. మ కార్డు కింద ప మోగితే పక్కపక్క స్వరాలు రాసుకుంటాయి. కాబట్టి కార్డులు చకచకా మారే పాటలు ఈ పొందికకు సరిపడవు. ఒకే ఆధారం మీద చాలాసేపు నిలిచే పాటలు బాగా ఒదుగుతాయి. పాతకాలపు డెల్టా బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ 1936లో సాన్ ఆంటోనియోలో రికార్డు చేసిన ‘కమ్ ఆన్ ఇన్ మై కిచెన్’ ఇందులో అంత బాగా కుదరడానికి కారణం అదే. అది మొదటి నుంచీ గిటార్ తీగ గొంతుతోపాటు మూలిగే పాట. ఇక్కడ ఆ మూలుగును మూడు వాద్యాలు పంచుకుంటాయి. కొన్ని చోట్ల రెండు భారతీయ వాద్యాలూ ఒకేసారి పలికి గొంతుకు జాగా తగ్గిన మాట నిజమే. అలాంటి చోట తాజ్ మహల్ గొంతు పెంచరు. బొటనవేలితో ఆధారాన్ని ఇంకా సాదాగా చేసి వాళ్లకు దారి ఇస్తారు. మన పక్కవాద్యం వాళ్లు ఇది విని తీరాలి.

మిగతా రికార్డుల్లో ఏవి ముందు వినాలి? 1968లో కొలంబియా విడుదల చేసిన మొదటి ఆల్బమ్ పేరు కూడా ‘తాజ్ మహల్’. అందులో ‘స్టేట్స్‌బరో బ్లూస్’కు స్లయిడ్ వాయించింది జెస్సీ ఎడ్ డేవిస్, కయోవా ఆదివాసీ తెగకు చెందిన ఓక్లహోమా కళాకారుడు. అది విన్నాకే రాక్ గిటార్ కళాకారుడు డ్యూయెన్ ఆల్మన్ స్లయిడ్ పట్టుకున్నారు, మందుల సీసాను గొట్టంగా వాడి. ఆల్బమ్ చివర దాదాపు 9 నిమిషాల ‘ద సెలబ్రేటెడ్ వాకిన్ బ్లూస్’ ఉంది. రేడియో కోసం 3 నిమిషాలకు కుదించని బ్లూస్ ఎలా ఊపిరి తీసుకుంటుందో దానిలో తెలుస్తుంది. అదే ఏడు వచ్చిన రెండోది ‘ద నాచ్‌ల్ బ్లూస్’. దానిలో నేషనల్ కంపెనీ ఉక్కు గిటార్ మోత స్పష్టంగా ఉంటుంది. ఆ గిటార్‌లో చెక్క పలకకు బదులు లోపల అల్యూమినియం గిన్నె అదురుతుంది. మైకులు సరిగా లేని రోజుల్లో నాట్యశాలల్లో వినిపించడానికి దాన్ని తయారుచేశారు.

1969 జంట ఆల్బమ్‌లో రెండో డిస్కంతా ఆయన ఒక్కరే, ఒక గిటార్, ఒక బాంజో, ఒక మౌతార్గాన్. రైలుపట్టాలు జరిపే కూలీల పాట ‘లైనిన్ ట్రాక్’ ఇందులో ఉంది. మన పల్లెకారుల హైలెస్సా తెలిసినవాళ్లకు ఇక వ్యాఖ్యానం అక్కర్లేదు. ఒకడు పాడతాడు, మిగతావాళ్లు ఊపు మీద పట్టా జరుపుతారు. ఆయన ఉత్సాహమంతా ఒక్క చోట కావాలంటే మేము సిఫారసు చేసేది ఈ రెండో డిస్కునే.

ప్రత్యక్ష కచేరీల రికార్డుల్లో 1971 నాటి ‘ద రియల్ థింగ్’ ఒక విచిత్రం. న్యూయార్కు ఫిల్‌మోర్ ఈస్ట్ హాలులో హోవర్డ్ జాన్సన్ బృందపు నాలుగు ట్యూబాలతో పాడారు. బ్లూస్‌కు నాలుగు ట్యూబాలేమిటని అప్పట్లో ఆశ్చర్యపోయారు. జాగ్రత్తగా వింటే అది బొటనవేలి పనే, నాలుగు ఇత్తడి వాద్యాలకు పంచి ఇచ్చారు. బ్యాండు కొన్నిసార్లు బరువెక్కి తూలుతుంది, ఆ తూలుడులోనే అందముంది. 2000లో వచ్చిన ‘షౌటిన్ ఇన్ కీ’ లాస్ ఏంజెలెస్‌లోని ద మింట్ అనే చిన్న క్లబ్బులో ఫాంటమ్ బ్లూస్ బ్యాండుతో చేసిన కచేరీ. చిన్న గది, జనం దగ్గరగా, పాటకు పాటకు మధ్య మాట. మా లెక్కలో ఆయన బ్యాండు కచేరీల్లో ఇదే మేటి. 2025లో గ్రామీ తెచ్చిన ‘స్వింగిన్ లైవ్ ఎట్ ద చర్చ్ ఇన్ టల్సా’ ఆరుగురి బృందంతో చేసింది. బేస్ మీద బిల్ రిచ్, డ్రమ్స్ మీద కెస్టర్ స్మిత్ దశాబ్దాలుగా ఆయనతో ఉన్నవాళ్లే. బాబీ ఇంగానో హవాయి లాప్ స్టీల్, రాబ్ ఇక్స్ డోబ్రో, ట్రే హెన్స్‌లీ గిటార్. ఇక్కడా రెండు జారుడు వాద్యాలు పక్కపక్కన. గొంతు ముదిరింది, అంచులు గరుకయ్యాయి, పై స్వరాలకు వెళ్లకుండా మాటను విడమరచి చెబుతారు. నడక మాత్రం 1969లో ఉన్నట్టే ఉంది. 2022లో రై కూడర్‌తో చేసిన ‘గెట్ ఆన్ బోర్డ్’ పాత బ్లూస్ కళాకారులు సానీ టెరీ, బ్రౌనీ మెగీ జంటకు నివాళి, దానికీ సంప్రదాయ బ్లూస్ గ్రామీ వచ్చింది. ఈ ఇద్దరూ 1960ల నడుమ రైజింగ్ సన్స్ బృందంలో కలిసి వాయించినవాళ్లు. వయసు మీదపడ్డ ఇద్దరు స్నేహితులు ఒక గదిలో కూర్చుని వాయించినట్టు ఉంటుంది ఆ రికార్డు, ఎక్కడా మెరుగు పెట్టలేదు.

మౌతార్గాన్ మాట కూడా. ఆయన వాడేది పది రంధ్రాల మామూలు వాద్యం. బ్లూస్ వాళ్లు పాట శ్రుతికి సరిపడే వాద్యం తీసుకోరు, దానికి మ స్థానంలో ఉన్న శ్రుతిది తీసుకుంటారు. పాట జీ (G)లో ఉంటే సీ (C) వాద్యం, ఈ (E)లో ఉంటే ఏ (A) వాద్యం. అప్పుడు ముఖ్య స్వరాలన్నీ ఊదితే కాక పీల్చితే వస్తాయి, పీల్చే రీడులనే కిందికి వంచడం కుదురుతుంది. 2, 3, 4 రంధ్రాల దగ్గరే సాధారణ, అంతర గాంధారాల మధ్య జారుడూ, పంచమం కిందికి జారుడూ దొరికేవి. కొత్తవాళ్లు గట్టిగా పీల్చి వంచబోతారు. రీడు బిగుసుకుని మూగబోతుంది, కొన్నాళ్లకు పగులుతుంది. వంపు వచ్చేది నాలుక వెనకభాగం దించి నోటి లోపలి జాగా పెంచడం వల్ల, ఊపిరి బలం వల్ల కాదు. చెక్క దువ్వెన (రీడులు బిగించే నడిమి చట్రం) ఉన్న వాద్యం చెన్నై తేమకు ఉబ్బి పెదవి గీరుకుపోతుంది, ఇక్కడ ప్లాస్టిక్ దువ్వెనే మేలు.

ఇలాంటి సంగీతాన్ని ఫోను స్పీకర్లో వినకండి. గిటార్ ఆరో తీగ 82 హెర్ట్జ్, ఓపెన్ డీలో 73. ఫోను స్పీకరు అంత కిందికి దిగలేదు. ఇంతసేపు మేము చెప్పిన బొటనవేలు దానిలో దాదాపు వినపడదు, పై వేళ్లు, గొంతు మాత్రమే మిగులుతాయి. అప్పుడు పాట పల్చగా, ఒకేలా అనిపిస్తుంది, ‘మూడు కార్డులే’ అన్న మాట అక్కడి నుంచే పుడుతుంది. మామూలు ఇయర్‌ఫోన్ అయినా నయం. వెతికేటప్పుడు ఆల్బమ్ పేరు కలిపి వెతకండి. లేకపోతే ఆగ్రా కట్టడం మీది పాటలన్నీ ముందు వస్తాయి.

ఇక మన సభల నిర్వాహకులకూ సౌండ్ వాళ్లకూ కొన్ని మాటలు. ముంబయి మెహబూబ్ స్టూడియోలో 2011 నుంచి పెద్ద బ్లూస్ ఉత్సవం నడిచింది. చెన్నైలో ఎగ్మూరు మ్యూజియం థియేటరు, హారింగ్టన్ రోడ్డులో సర్ ముత్తా వెంకట సుబ్బారావు హాలు ఉన్నాయి. ఒక మనిషి, ఒక గిటార్ ఉండే సంగీతానికి ఇలాంటి హాళ్లే కావాలి. మన హాళ్లలో స్పీకర్లను మృదంగం కోసం మంద్రం పెంచి పెడతారు. అదే అమరికలో గిటార్ పెడితే బొటనవేలి దెబ్బలన్నీ కలిసిపోయి బొయ్యిమంటాయి. మైకును గిటార్ రంధ్రానికి ఎదురుగా పెట్టడం రెండో పొరపాటు. పెద్ద గిటార్ల లోపలి గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, రంధ్రం ముందు అదంతా మైకులోకి పోతుంది. 12వ మెట్టుకు ఎదురుగా, జానెడు దూరంలో, కొంచెం గిటార్ ఒంటి వైపు తిప్పి పెట్టాలి. 100 దగ్గర సన్నగా తగ్గించాలి గాని మంద్రమంతా కోసేయకూడదు. 80 దగ్గర కోత పెడితే ఓపెన్ డీ షడ్జమమే పోతుంది. గొంతు మైకులోనే మౌతార్గాన్ వాయిస్తారు. రెండు చేతులూ మైకును మూసినప్పుడు ధ్వని ఒక్కసారిగా పెరుగుతుంది, దానికి ముందే జాగా ఉంచాలి. కళాకారుడి కాలికింద ఒక ప్లైవుడ్ పలక వేయండి, కాలి దెబ్బ ఈ సంగీతంలో భాగం.

గిటార్‌ను కచేరీకి కనీసం గంట ముందు హాలులోకి తెచ్చి ఏసీకి అలవాటు పడనివ్వాలి. చలికి ఉక్కు తీగ బిగుసుకుని శ్రుతి ఎక్కుతుంది, దీపాల వేడికి మళ్లీ దిగుతుంది. కచేరీ అయ్యాక పెట్టె మూసే బయటికి తీసుకెళ్లాలి. చల్లటి లోహపు గిటార్‌కు మన సముద్రపు గాలి తగలగానే నీటి చెమ్మ పడుతుంది, తెల్లారేసరికి తీగలు తుప్పు. పాటకు పాటకు మధ్య శ్రుతి మారుస్తుంటే రెండు మూడు నిమిషాలు పడుతుంది. మన రసికులు వీణ మేళవింపును ఓపిగ్గా వింటారు, ఇక్కడా అదే ఓపిక చాలు.

సంపాదకులకు ఒక మనవి. డిసెంబరు సంగీత పేజీల్లో ఒక్క ఆదివారం ముంతాజ్ మహల్ ఆల్బమ్ గురించి గోటువాద్య విద్వాంసులెవరితోనైనా రాయించండి. పై చెప్పిన సహానుభూతి తీగల సమస్యను వాద్యం ముందు పెట్టుకుని వాళ్లు వివరిస్తే, మాకంటే ఎంతో బాగా చెప్పగలరు.

ఇట్లు,
కొందరు తెలుగు శ్రోతలు,
మైలాపూరు, చెన్నై